110075 ఎలాంటి సంఖ్య?

పక్క ఫ్లాట్ పాప కాకినాడలో ఉన్న అమ్మమ్మగారికి ఉత్తరం రాస్తోంది. స్కూల్లో రాయమన్నారట. ఇన్‌లాండ్ కవరు మీద ఢిల్లీలోని మా ద్వారక అడ్రసు రాసి, పిన్‌కోడ్ దగ్గర ఆగి, నా వైపు తిరిగి అడిగింది: "తాతగారూ, 110075 మంచి నంబరేనా?"

ఆరో తరగతి పిల్ల. ఎందుకు అడిగిందా అని ఆరా తీస్తే సంగతి తెలిసింది. సెక్టార్ 8లో ఉండే తన స్నేహితురాలి పిన్‌కోడ్ 110077. క్లాసులో ప్రధాన సంఖ్యలు, అంటే ప్రైమ్ నంబర్ల పాఠం చెప్పినప్పటి నుంచీ ఆ అమ్మాయి తమది ప్రైమ్ నంబరంటోంది. 2తో పోదు, 3తో పోదు, 5తో పోదు, 7తో కూడా పోదు, చూసుకోమంది. "మాది చివర 5 ఉంది కదా, చూడగానే పోతుంది. అందుకని మామూలు నంబరట" అంది పాప. గొంతులో కాస్త చిన్నబోయిన జాడ ఉంది.

ఒక సంఖ్యని చూసి అది ఎలాంటిదో ఎలా చెప్పాలి? మూడంకెల సంఖ్యయితే ఎక్కాలు సాయం వస్తాయి. ఆరంకెలుంటే ఎలా? ఈ ప్రశ్న పిల్లలకే కాదు, గణితంలో తలపండినవాళ్లకీ పెద్ద ప్రశ్నే. ఆ మధ్యాహ్నం మేమిద్దరం కాగితం, పెన్సిలు పెట్టుకుని కూర్చున్నాం. అప్పుడు చెప్పుకున్నదే ఇక్కడ మరికొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక చిక్కు విప్పాలి. పిన్‌కోడ్ నిజంగా సంఖ్యేనా? ఇద్దరి పిన్‌కోడ్లు కలిపి కూడికెయ్యమని పోస్టాఫీసువాళ్లు ఎవరినీ అడగరు. మా పిన్‌కోడ్ కాకినాడ పిన్‌కోడ్ కన్నా చిన్నదంటే మా ఊరు చిన్నదని అర్థం కాదు. అది అంకెలతో పెట్టిన పేరు. 1972 ఆగస్టు 15న దేశంలో ఈ పద్ధతి మొదలైంది. శ్రీరామ్ భికాజీ వేలంకర్ అనే అధికారి దీనికి రూపకర్త. ఒకే పేరుతో ఎన్నో ఊళ్లు, రకరకాల లిపులు, అర్థంకాని చేతిరాతలు: వీటి మధ్య ఉత్తరాలు దారితప్పకూడదని ఈ ఏర్పాటు. మొదటి అంకె దేశంలో ఒక పెద్ద భాగాన్ని చెబుతుంది. 1 అంటే ఢిల్లీ, హర్యానా, పంజాబు వైపు. 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక. మొదటి మూడంకెలు చూస్తే ఉత్తరాన్ని ఏ జిల్లా సంచిలో వెయ్యాలో తెలుస్తుంది. చివరి మూడూ పంపిణీ చేసే పోస్టాఫీసువి. అంతకుముందు ఢిల్లీలో 'న్యూఢిల్లీ-1', 'న్యూఢిల్లీ-16' అని రాసేవారు. అవే 110001, 110016 అయ్యాయి. పాత తెలుగు పుస్తకాల మొదటి పేజీలో 'విజయవాడ-2' అని కనిపిస్తుంది చూడండి, అది 520002 అయినట్టే.

కనుక 110075 అనే పేరు పెట్టినవాళ్లు దాని గణితం చూసి పెట్టలేదు. 110 ఢిల్లీది, 075 పోస్టాఫీసుది, అంతే. కానీ ఒకసారి అంకెలు పక్కపక్కన రాశాక దాన్ని 'లక్షా పదివేల డెబ్భై ఐదు' అని కూడా చదవొచ్చు. అలా చదివిన క్షణం నుంచీ అది ఒక పరిమాణం. పిల్లకి నచ్చినట్టు పుట్టకపోయినా దానికో స్వభావం ఉంటుంది. ఆ స్వభావం చూడాలంటే అంకెలు మరిచిపోయి చింతగింజలు తలుచుకోవాలి.

వామనగుంటలు ఆడినవాళ్లకి ఇది సులువు. లక్షా పదివేల డెబ్భై ఐదు చింతగింజలు గచ్చు మీద పోశామనుకోండి. వాటిని వరసలుగా పేర్చాలి. ప్రతి వరసలోనూ సమానంగా ఉండాలి, ఒక్క గింజ కూడా మిగలకూడదు. 5 వరసలుగా కుదిరితే 5 ఆ సంఖ్యకి కారణాంకం. ఒకే పొడుగాటి వరస తప్ప ఇంకే పేర్పూ కుదరకపోతే ఆ సంఖ్య ప్రధాన సంఖ్య. వేరే పేర్పు ఒక్కటి కుదిరినా అది సంయుక్త సంఖ్య, స్కూల్లో కాంపోజిట్ అనేది. ఇందాక పాప అన్న 'పోతుంది, పోదు' అన్న మాటలకి అర్థం ఇదే.

ఇక మొదలుపెడదాం. చివర 5 ఉంటే 5తో పోతుందని పాపకి తెలుసు. ఎందుకో తెలియదు. అన్ని అంకెలుండగా చివరిది ఒక్కటే ఎందుకు తీర్పు చెప్పాలి? గింజల్ని పదేసి చొప్పున చిన్న పొట్లాలు కట్టామనుకుందాం. 11007 పొట్లాలవుతాయి, 5 గింజలు విడిగా ఉంటాయి. ప్రతి పొట్లాన్నీ రెండు అయిదులుగా విడదీయొచ్చు. పొట్లాలు ఎన్నున్నా వాటిలో శేషం రాదు. ఏమైనా మిగిలితే ఆ విడి గింజల్లోనే మిగలాలి. విడి గింజల లెక్క చివరి అంకె. పొట్లంలో 10 ఉన్నాయి కనుక, 10 అంటే 2 రెట్ల 5 కనుక, 2కీ 5కీ చివరి అంకె చూస్తే చాలు. సరిసంఖ్యో బేసిసంఖ్యో చివరి అంకె చెప్పేయడానికీ కారణం ఇదే.

ఇలాగే మరొక అడుగు వేయొచ్చు. మా చిన్నప్పుడు పావలాలుండేవి. 2011 జూన్ 30 తర్వాత చెల్లకుండా పోయాయి కాబట్టి పాప చూడలేదు, నేను బొమ్మ గీసి చూపించాను. 110075 పైసలు అంటే ఎంత? 1100 రూపాయల 75 పైసలు. రూపాయికి నాలుగు పావలాలు. 1100 రూపాయలకి 4400, ఆ 75 పైసలకి మరో మూడు. మొత్తం 4403 పావలాలు, ఒక్క పైసా మిగల్లేదు. అంటే మా పిన్‌కోడ్ 5తో ఒకసారి కాదు, రెండుసార్లు పోతుంది. 110075 అంటే 25 × 4403.

ఇప్పుడు 3 సంగతి. అంకెలన్నీ కూడి చూడమని స్కూల్లో చెప్పారట. 1+1+0+0+7+5 = 14. 14 మూడో ఎక్కంలో లేదు, కాబట్టి పోదు. సరే, కానీ కూడితే ఎందుకు తెలుస్తుంది? మళ్లీ పొట్లాల దగ్గరికి రండి. పది గింజల పొట్లంలోంచి 9 తీసేస్తే 1 మిగులుతుంది. వంద గింజల సంచిలోంచి 99 తీసేసినా 1 మిగులుతుంది. వెయ్యిలోంచి 999 తీసినా అంతే. 9, 99, 999 అన్నీ 3తోనూ 9తోనూ పోయేవే. కాబట్టి ఎంత పెద్ద సంచి అయినా చివరికి దాని తరఫున ఒక్క గింజే మిగులుతుంది. లక్ష సంచి ఒకటి, పదివేల సంచి ఒకటి, పదుల పొట్లాలు ఏడు, విడి గింజలు అయిదు: మిగిలేవి 1, 1, 7, 5. అంటే అంకెల మొత్తం! అది చూపించినప్పుడు పాప ముఖంలో వచ్చిన వెలుగు ఇంకా గుర్తుంది. రూలు తెలిసినప్పుడు అలాంటి వెలుగు రాదు. రూలు ఎందుకు నిలబడిందో కనబడినప్పుడే వస్తుంది.

మిగిలింది 4403. దీన్ని 7తో చూద్దాం. 7కి తేలిక కిటుకు వెతకడం కన్నా ముక్కలు చేసుకోవడం మేలు. 4403లో 4200 తీస్తే 203. 4200లో 600 ఏడులు, 203లో 29 ఏడులు. మొత్తం 629. కుదిరింది.

ఇక 629. 7తో చూస్తే 6 మిగిలింది. 11తో 2 మిగిలింది. 13తో 5 మిగిలింది. అప్పటికి పాప అలిసిపోయి అడిగింది: "ఇలా ఎంతదాకా చూస్తూ ఉండాలి తాతగారూ?" చాలా మంచి ప్రశ్న. జవాబు: 25 దాకా. ఎందుకంటే కారణాంకాలు ఎప్పుడూ జంటగా వస్తాయి. గింజలు కొన్ని వరసలుగా పేరిస్తే వరసల సంఖ్య ఒకటి, వరసలో గింజల సంఖ్య ఒకటి. 26 × 26 = 676, అది 629 కన్నా ఎక్కువ. అంటే జంటలో ఇద్దరూ 26 గానీ, అంతకు మించి గానీ ఉండటం అసాధ్యం. ఉంటే ఒకరు 25 లోపే ఉండాలి. ఆ లోపల దొరకలేదంటే ఇక దొరకరు. మాకు అంతదూరం పోవలసిన పని పడలేదు. 17తో చూస్తే 629 = 17 × 37.

17, 37 రెండూ ప్రధాన సంఖ్యలే. కథ అక్కడికి ఆగింది. 110075 = 5 × 5 × 7 × 17 × 37.

నాకు ఈ వరస ఎంతో ముచ్చటేసింది. చివరన 5 చూసి మామూలు నంబరని కొట్టిపారేసిన దాని లోపల 17, 37 దాక్కుని ఉన్నాయి. పైచూపుకి అవి కనబడవు.

పాప మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ముందుగా 7తో భాగించింది. 15725 వచ్చింది. దాన్ని 17తో భాగిస్తే 925. దాన్ని 37తో భాగిస్తే 25. మళ్లీ అవే అయిదు ముక్కలు. ఏ వైపు నుంచి విడదీసినా ప్రధాన సంఖ్యల జాబితా మారదు. ప్రతి సంఖ్యకీ ఒకే ఒక్క జాబితా. ఇంకే సంఖ్యకీ అదే జాబితా ఉండదు. వేలిముద్రలాంటిదన్నమాట. దీనికి పునాది సుమారు 2300 ఏళ్ల కిందట యూక్లిడ్ వేశాడు. ఒక ప్రధాన సంఖ్య రెండు సంఖ్యల లబ్ధాన్ని భాగిస్తే ఆ రెండింట్లో ఒకదాన్నైనా భాగించి తీరాలని నిరూపించాడు. జాబితా మారదన్న మాటని 1801లో గౌస్ స్పష్టంగా రాసి నిరూపణ ఇచ్చాడు.

ఈ జాబితా చేతికొచ్చాక బోలెడు సంగతులు లెక్కపెట్టకుండానే తెలిసిపోతాయి. గింజల్ని ఎన్ని రకాలుగా పేర్చొచ్చు? ఒక కారణాంకం తయారు చెయ్యాలంటే 5లు ఎన్ని తీసుకోవాలో నిర్ణయించుకోవాలి: ఏమీ తీసుకోకపోవడం, ఒకటి తీసుకోవడం, రెండూ తీసుకోవడం. మూడు దారులు. 7 కావాలా వద్దా? రెండు దారులు. 17కి రెండు, 37కి రెండు. టిఫిన్ సెంటర్లో చట్నీ కావాలా, సాంబారు కావాలా, కారప్పొడి కావాలా అని అడిగినట్టే. 3 × 2 × 2 × 2 = 24. అంటే 110075కి 24 కారణాంకాలు. జంటలు కడితే 12 రకాల పేర్పులు. అన్నిటికన్నా చతురస్రానికి దగ్గరగా వచ్చేది 259 వరసలు, వరసకి 425 గింజలు. పాప ఆ పన్నెండూ రాసేదాకా లేవలేదు.

పాత గ్రీకులకి మరో ముచ్చట ఉండేది. సుమారు 1900 ఏళ్ల కిందట నికోమాకస్ దాన్ని పుస్తకంలో రాశాడు. ఒక సంఖ్య కారణాంకాల్లో ఆ సంఖ్యని వదిలి మిగతావన్నీ కూడండి. 6కి 1, 2, 3. కూడితే 6. సరిగ్గా తనే వచ్చింది కనుక 6 పరిపూర్ణ సంఖ్య. 28 కూడా అంతే. 12కి 1, 2, 3, 4, 6: మొత్తం 16. తనని మించిపోయింది, కాబట్టి అధిక సంఖ్య. 10కి 1, 2, 5: మొత్తం 8. తక్కువ, కాబట్టి న్యూన సంఖ్య. మరి 110075? తనని వదిలి మిగతా 23 కారణాంకాలూ కూడితే 59557. తనలో సగం కన్నా కాస్త ఎక్కువ. 24 కారణాంకాలున్నా న్యూన సంఖ్యే.

"ఇన్ని ఉన్నా ఎందుకు చాల్లేదు?" అంది పాప. పెద్ద పెద్ద ముక్కలు లేవు కనుక. 110075 బేసి సంఖ్య, దానికి సగం లేదు. 3తో పోదు, కాబట్టి మూడో వంతూ లేదు. దొరికే అతిపెద్ద ముక్క అయిదో వంతు. పక్క సంఖ్య 110076 చూడండి. అది కూడా ఢిల్లీ పిన్‌కోడే, ఊరికి ఆ చివర సరితా విహార్‌ది. అది 2తోనూ పోతుంది, 3తోనూ పోతుంది, కాబట్టి 6తో పోతుంది. దానికి సగం ఉంది, మూడో వంతు ఉంది, ఆరో వంతు ఉంది. సగం, మూడో వంతు, ఆరో వంతు కలిపితే సరిగ్గా ఒక పూర్తి. ఆ పైన 1 ఎలాగూ కారణాంకమే. కాబట్టి 6కి మించిన 6 గుణిజం ఏదైనా అధిక సంఖ్య కాక తప్పదు. ఈ ఒక్క ముక్కతో కోట్ల కోట్ల సంఖ్యల గురించి, వాటిని ముట్టుకోకుండానే చెప్పగలిగాం. బేసి సంఖ్యల్లో అధికమైనవి అరుదు. అన్నిటికన్నా చిన్నది 945. ఇక బేసి సంఖ్యల్లో పరిపూర్ణమైనది ఉందా? ఇప్పటిదాకా ఒక్కటీ దొరకలేదు. ఉండదని నిరూపించినవాళ్లూ లేరు.

ఇక తప్పించుకోలేని 110077కి వద్దాం. దీని అంకెలు మెల్లగా చదవండి: 11, 00, 77. మధ్య సున్నాలు వదిలితే రెండు వైపులా 11 గుణిజాలే. 110000 అంటే 11 × 10000. 77 అంటే 11 × 7. కలిపితే 11 × 10007. కాబట్టి ప్రధాన సంఖ్య కాదు. ఆ అమ్మాయి 7 దాకా చూసి ఆగింది. మరొక్క మెట్టు ఎక్కి ఉంటే దొరికేది. ఆమె తప్పు పెద్దదేం కాదు. చిన్న వాటితో పోలేదంటే దేనితోనూ పోదనిపించడం సహజం. ఎక్కడిదాకా చూస్తే చాలో తెలియనప్పుడు అందరికీ అలాగే అనిపిస్తుంది.

అయితే స్నేహితురాలి నంబర్లో ఒక గొప్ప సంగతి ఉంది. పాప అది విని ముందు కొంచెం మొహం మాడ్చుకున్నా తర్వాత తనే చెప్పడానికి పరిగెత్తింది. ఆ 10007 ప్రధాన సంఖ్య. అంతేకాదు, అయిదంకెల ప్రధాన సంఖ్యలన్నిట్లోకీ చిన్నది. 101 × 101 = 10201 కాబట్టి 100 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో చూస్తే చాలు. అవి 25. పాతిక భాగహారాలు ఓపికగా చేస్తే ఎవరైనా స్వయంగా తేల్చుకోవచ్చు. కాబట్టి 110077కి రెండే రెండు ప్రధాన కారణాంకాలు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఇలా రెండు ప్రధాన సంఖ్యల లబ్ధంగా వచ్చే సంఖ్యలకి ఈ రోజుల్లో చాలా పనుంది. 11ని 10007తో హెచ్చవేయడం క్షణం పని. 110077 ఇచ్చి విడదీయమంటే కొంత వెతకాలి. వందల అంకెలున్న రెండు ప్రధాన సంఖ్యల్ని హెచ్చవేసి ఇస్తే, విడదీయడం ఇప్పుడున్న కంప్యూటర్లకి శక్యం కాదు. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు ఈ కష్టాన్నే తాళంగా మార్చారు. ఇంటర్నెట్లో రహస్యాలు దాచే తాళాల్లో అది పేరుమోసినది.

ఇక్కడ ఒక తేడా జాగ్రత్తగా చూడాలి. ఒక సంఖ్యని ముక్కలు చెయ్యడం వేరు, అది ముక్కలవుతుందో లేదో తెలుసుకోవడం వేరు. రెండోది తేలిక. ఎంత పెద్ద సంఖ్యైనా ప్రధానమో కాదో, నిరూపణ కాని ఏ ఊహ మీదా ఆధారపడకుండా, తప్పకుండా త్వరగా తేల్చే పద్ధతిని 2002 ఆగస్టులో కాన్పూర్ ఐఐటీ నుంచి ముగ్గురు ప్రకటించారు: మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. చివరి ఇద్దరూ అప్పుడే బీటెక్ పూర్తిచేసిన కుర్రాళ్లు. ఆ పద్ధతి 'ముక్కలవుతుంది' అని చెప్పినా ముక్కలేవో చెప్పదు. ఒక పెట్టెలో వస్తువుందని తెలిసి, మూత తియ్యలేకపోవడం లాంటిది. వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజం.

కొత్త విషయం దొరికినప్పుడు పిల్లలు ఆగరు. "ఢిల్లీలో అన్నిటికన్నా అందమైన పిన్‌కోడ్ ఏది?" అంది. నా ఓటు 110011కి. నిర్మాణ్ భవన్ దగ్గరిది. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా అదే, మన 'వికటకవి' లాగా. దాన్ని 101తో హెచ్చవేస్తే ఏమొస్తుందో చూడండి: 110011కి వంద రెట్లు 11001100. దానికి మరొక 110011 కలిపితే 11111111. ఎనిమిది ఒకట్లు! ఒకదాని ఖాళీల్లో ఇంకొకటి వచ్చి కూర్చుంది.

ఈ ఎనిమిది ఒకట్లకి మన దగ్గర పాత చుట్టరికం ఉంది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహం' రాశాడు. అందులో హెచ్చవేతకి ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి 152207 × 73. జవాబు 11111111. ముందు వెనకలు ఒకేలా ఉండే ఇలాంటి జవాబుల్ని ఆయన మెడలో వేసుకునే హారాలతో పోల్చాడు. 27994681ని 441తో హెచ్చవేస్తే 12345654321 వచ్చే లెక్క కూడా ఆయనదే. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన ఈ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్రం చెప్పిన తొలి పుస్తకాల్లో అదొకటి. లెక్కలు పద్యాల్లో నేర్చుకున్న జాతి మనది, తెలుగువాళ్లు దీన్ని గట్టిగా చెప్పుకోవాలని నా కోరిక. సరే, 110011ని విడదీస్తే 11 × 73 × 137. మహావీరుడి 152207ని విడదీస్తే 11 × 101 × 137. ఆయన 73ని పక్కన ఉంచి మిగతా మూడూ ఒక సంఖ్యలో పెట్టాడు. మన పిన్‌కోడ్ 101ని బయట ఉంచి మిగతా మూడూ తనలో పెట్టుకుంది. అవే నాలుగు పూసలు, గుచ్చిన తీరు వేరు.

ఇక్కడ పాపకి ఒక మాట చెప్పాను, అది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. 110011 ముందు వెనకలు ఒకేలా ఉండటం ఆ సంఖ్య గుణం కాదు, మనం రాసిన తీరు గుణం. మనకి పది వేళ్లున్నాయి కాబట్టి పదులుగా కట్టాం. ఎనిమిది వేళ్లుంటే ఎనిమిదేసి కట్టేవాళ్లం. అప్పుడు అవే గింజలకి అంకెలు వేరేగా వచ్చేవి, అద్దంలో బొమ్మ పోయేది. చివరి అంకె 5, అంకెల మొత్తం 14 అన్నవీ అలాంటివే. నాసిక్ దగ్గర దేవలాలిలో బడిపంతులుగా పనిచేసిన కాప్రేకర్ (1905–1986) ఈ రాత తీరులోని వింతల్నే జీవితమంతా ప్రేమగా వెతికాడు. తన అంకెల మొత్తంతో శేషం లేకుండా పోయే సంఖ్యలకి 'హర్షద' అని పేరు పెట్టాడు, ఆనందం ఇచ్చేవి అని. న్యూఢిల్లీ జీపీవో 110001 హర్షద సంఖ్య: అంకెల మొత్తం 3, 3తో పోతుంది. మాది కాదు, బేసి సంఖ్య 14తో ఎలా పోతుంది? కానీ 5 × 5 × 7 × 17 × 37 అన్నది ఏ వేళ్ల లెక్కకీ లొంగదు. అంకెలు కనిపెట్టక ముందు కూడా అన్ని గింజలు పోస్తే 37 వరసలుగా సరిపోయేవి. పోస్టాఫీసు ఇచ్చింది పేరు. మన లిపి ఇచ్చింది ముఖం. లోపలి ముక్కలు ఎవరూ ఇచ్చినవి కావు.

సాయంత్రమైంది. కింద పార్కులో పిల్లలు పిలుస్తున్నారు. కవరు ఇంకా అలాగే ఉంది. 'టు' అన్న చోట పాప అమ్మమ్మగారి పిన్‌కోడ్ రాసింది: 533001. కాసేపు దాన్నే చూసి, "మాదీ అమ్మమ్మదీ దేనితోనైనా కలుస్తాయా?" అంది.

రెండింటినీ విడదీసి పోల్చొచ్చు. కానీ విడదీయకుండా కూడా తెలుసుకోవచ్చు. గ.సా.భా., అంటే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న అతిపెద్ద కారణాంకం, కనుక్కోవడానికి యూక్లిడ్ చెప్పిన దారి అది. 499లో ఆర్యభటుడు చెప్పిన కుట్టకం కూడా ఇలా ఒకదాన్ని మరొకదానితో మార్చి మార్చి భాగించడం మీదే నిలబడింది. ఇందులోని ఆలోచన చిన్నది: రెండు గుట్టల్నీ ఒకే పొడవు వరసలుగా పేర్చగలిగితే, పెద్ద గుట్టలోంచి చిన్న గుట్టంత తీసేశాక మిగిలిన దాన్నీ అదే పొడవు వరసలుగా పేర్చగలం. కాబట్టి తీసేస్తూ పోవచ్చు, గుట్టలు చిన్నవవుతాయి, కలిసే ముక్క మాత్రం ఎక్కడికీ పోదు.

533001లో 110075 నాలుగుసార్లు పోయి 92701 మిగిలింది. 110075లో 92701 ఒకసారి పోయి 17374. 92701లో 17374 అయిదుసార్లు పోయి 5831. 17374లో 5831 రెండుసార్లు పోయి 5712. 5831లో 5712 ఒకసారి పోయి 119. 5712లో 119 సరిగ్గా 48 సార్లు, శేషం లేదు.

119. అంటే 7 × 17. ద్వారకకీ కాకినాడకీ రెండూ ఉమ్మడి. మాది 119 × 925, వాళ్లది 119 × 4479. పాప నమ్మక మరోసారి హెచ్చవేసి చూసుకుంది. తర్వాత కవరు మడత విప్పి, ఉత్తరం చివర సంతకం కింద మిగిలిన జాగాలో ఆ రెండు లెక్కలూ ఒకదాని కింద ఒకటి రాసి, 119 చుట్టూ సున్నా చుట్టి, జిగురు అంటించింది.